రోబో తప్పు చేస్తే దండుగ ఎవరు కట్టాల?

ముద్దనూరు పక్క నల్లరేగడి చేలు ఒకసారి మనసులో పెట్టుకోండి. ఒకరిది జొన్న, గట్టుకు అవతల ఇంకొకరిది పత్తి. జొన్నలో కలుపు ఎక్కువైందని డ్రోన్‌తో 2,4-డి మందు కొట్టిస్తున్నారు అనుకుందాం. ఆ మందు వెడల్పాకు మొక్కలను చంపుతుంది, జొన్నలాంటి గడ్డిజాతి పైరును పెద్దగా ఏమీ చెయ్యదు. పత్తికి మాత్రం అదంటే అస్సలు పడదు. తుంపర గాలికి కొట్టుకుపోయి తగిలినా చాలు, ఆకులు ముడుచుకుని పైరు గిడసబారిపోతుంది. పొద్దెక్కేసరికి గాలి లేచింది. డ్రోన్ మాత్రం కంప్యూటరులో గీసిన గీత పట్టుకుని, ఆ కొస నుంచి ఈ కొసకు తిరుగుతానే ఉంది. కొన్నాళ్లకు పత్తిరైతు చేలోకి పోయి చూసి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

పంచాయితీ మొదలు. డ్రోన్ సొంతదారు "గాలి లేస్తే నేనేం చేసేది?" అంటాడు. నడిపిన పిల్లోడు "నేను బటన్ నొక్కినా, అది దానంతట అదే పోయింది" అంటాడు. తయారుచేసిన కంపెనీ "గాలిలో కొట్టొద్దని పుస్తకంలో అచ్చేసినాము గదా" అంటుంది. జొన్నరైతు "దుడ్లిచ్చి పిలిపించుకున్నా, అంతకుమించి నాకేం తెలుసు?" అంటాడు. చివరికి అందరి వేళ్లూ డ్రోన్ వైపే తిరుగుతాయి. దానికి నోరు లేదు గదా.

ఇడుపులపాయ త్రిపుల్ ఐటీలో చదివే మా మనవరాలు సెలవులకు వచ్చినప్పుడు నన్ను పట్టుకున్నది ఈ ప్రశ్నతోనే. "తాతా, రోబో మనిషికి దెబ్బ తగిలిస్తే జైలుకు ఎవరు పోవాల?" ఇది కొత్త ప్రశ్న అనుకుంటోంది అమ్మి. మన ఊళ్లు దీనికి ఎప్పుడో ఒక జవాబు కట్టి పెట్టినాయి. దాని పేరు బందెలదొడ్డి.

పక్కోడి ఎద్దు కట్టు తెంపుకుని వచ్చి మన చేలో పడితే దాన్ని తోలుకుపోయి బందెలదొడ్డిలో పెట్టేవాళ్లం. సొంతదారు వచ్చి దండుగ కట్టి విడిపించుకోవాల. ఇది ఊరి కట్టుబాటుతో ఆగలేదు, 1871లో దీనికి చట్టమే వచ్చింది. ఇందులో ఒక సూక్ష్మం చూడండి. ఎద్దుకు ఆకలి ఉంది, ఆలోచన కూడా కొంత ఉంది. గట్టు దాటాలని తీర్మానించుకున్నది అదే. అయినా దండుగ ఎద్దు మీద పడలేదు. "నేను తోలలేదు, దానంతట అదే పోయింది" అనే మాటా చెల్లలేదు. రోబో సొంతంగా నిర్ణయం తీసుకుంది గదా అని వాదించేవాళ్లకు మొదటి జవాబు ఈడనే దొరుకుతుంది.

అన్ని చోట్లా ఇంత తెలివి చూపించలేదు లెండి. ఫ్రాన్సులో ఫలేజ్ అనే ఊళ్లో 1386లో ఒక పందిని కోర్టులో నిలబెట్టినారు. పసిబిడ్డను చంపిందని విచారించి, ఉరి కూడా తీసినారు. ఇంగ్లండులో అయితే ప్రాణం లేని వస్తువునూ వదల్లేదు. బండిచక్రం కింద పడి ఎవరైనా చచ్చిపోతే, చావుకు కారణమైన ఆ వస్తువునో దాని విలువనో రాజుకు జప్తు చెయ్యాల. వందల ఏండ్లు సాగిన ఈ ఆచారానికి రైలు గండం తెచ్చింది. 1841లో క్రిస్మస్ ముందురోజు సోనింగ్ అనే చోట పట్టాల మీద మట్టి విరిగిపడి, రైలు దాన్ని ఢీకొట్టి ఎనిమిది మందికి పైగా చచ్చిపోయినారు. జ్యూరీ ఆ ఇంజను మీదా బండ్ల మీదా వెయ్యి పౌండ్లు వేసింది. రైల్వే కంపెనీలు గగ్గోలు పెట్టినాయి. 1846లో ఆ పాత ఆచారాన్ని ఎత్తేసి, అదే ఏడు ఇంకొక చట్టం తెచ్చినారు. ఎవరి తప్పువల్ల ప్రాణం పోయిందో వాళ్లు చనిపోయినవాడి భార్యాబిడ్డలకు పరిహారం కట్టాలని దాని సారాంశం. అదే 1855లో మన దేశానికీ వచ్చింది. వస్తువు మీద కోపం తీర్చుకోవడం మాని, ఇంటిదిక్కు పోయిన కుటుంబం కడుపు చూడడం మొదలుపెట్టినారన్నమాట.

ఇప్పుడు మన పక్కకే వద్దాం. చిత్తూరు జిల్లా కార్వేటినగరం జమీందారుకూ మద్రాసు రైల్వే కంపెనీకీ ఒక దావా నడిచింది. పెద్ద వానకు జమీందారు చెరువులు తెగి, నీళ్లు పోయి రైల్వే కట్టడాలను కొట్టేసినాయి. నష్టం కట్టమని రైల్వే కోర్టుకెక్కింది. అప్పటికే 1868లో ఇంగ్లండు పెద్ద కోర్టు ఒక సూత్రం చెప్పి ఉంది. ఒక మిల్లు సొంతదారు కట్టించిన జలాశయం నీళ్లు పక్కోడి గనిలోకి దూకినాయి. ప్రమాదకరమైనదాన్ని తన నేల మీదికి తెచ్చి పెట్టుకున్నవాడు, అది తప్పించుకుపోయి చేసిన నష్టానికి జవాబుదారీ అని అక్కడ తీర్పు. అతను అజాగ్రత్తగా ఉన్నాడా లేదా అని అడిగే పని లేదు. రైల్వే ఆ సూత్రాన్నే పట్టుకుంది.

అప్పట్లో మన దావాలకు చివరి కోర్టయిన లండనులోని ప్రీవీ కౌన్సిల్ 1874లో జమీందారు పక్కన తీర్పు ఇచ్చింది. ఈ దేశంలో చెరువు ఒక మనిషి సరదాకు కట్టుకున్నది కాదు, అది అనాదిగా సేద్యానికి ఆధారం, దాన్ని కాపాడడం జమీందారు బాధ్యత, అతని అజాగ్రత్త ఏదీ రుజువు కాలేదు, కాబట్టి నష్టం కట్టక్కర్లేదు అని.

మా మనవరాలు ఈ కథ విని "అయితే రోబో కూడా అందరికీ మేలు చేసేదే గదా తాతా? ఆసుపత్రిలో, సేద్యంలో సాయం చేస్తుంది. మరి దాని సొంతదారును కూడా వదిలేయాల్నా?" అంది. మంచి మెలిక. నేను చెప్పింది ఇది. ఆ రోజు నష్టపోయింది రైల్వే కంపెనీ. దానికి తట్టుకునే సత్తువ ఉంది. రేపు నష్టపోయేది గట్టు అవతలి పత్తిరైతు. మేలు అందరిదీ అయినప్పుడు, నష్టం ఒక్కడి నెత్తిన పడెయ్యడం ఏం న్యాయం? అందరికీ పనికొచ్చేదాన్ని నిషేధించాల్సిన పని లేదు. దాని లాభం తినేవాళ్లు దాని దెబ్బకు ముందే డబ్బు పక్కన పెట్టాల.

మన సుప్రీంకోర్టు కూడా ఈ దారినే వచ్చింది. 1985 డిసెంబరులో ఢిల్లీలోని శ్రీరామ్ ఫ్యాక్టరీ నుంచి ఓలియం వాయువు లీకయింది. అప్పటికి భోపాల్ విషవాయువు ప్రమాదం చేసిన గాయం పచ్చిగానే ఉంది. 1986లో ఎం.సి. మెహతా కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఏం చెప్పిందంటే, ప్రమాదకరమైన వ్యాపారం పెట్టి లాభం గడించేవాడు జరిగిన నష్టానికి పూర్తిగా బాధ్యుడే, మినహాయింపులు లేవు, సంస్థ ఎంత పెద్దదైతే పరిహారం అంత పెద్దది. 2020 మే 7న విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి బయటికొచ్చి పన్నెండు మంది ప్రాణాలు తీసినప్పుడు, మర్నాడే జాతీయ హరిత ట్రిబ్యునల్ కంపెనీని 50 కోట్లు జమ చెయ్యమంది. ఎవరు తప్పు చేసినారో తేలేదాకా ఆగలేదు.

విశాఖ ట్యాంకును ఇంకొంచెం గుర్తుపెట్టుకోండి, సైన్సు అందులోనే ఉంది. స్టైరీన్ వేడెక్కితే దాని అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని గొలుసులుగా మారతాయి. అట్ల మారేటప్పుడు ఇంకా వేడి పుడుతుంది, ఆ వేడికి ఇంకా గొలుసులు. దీన్ని ఆపేదానికి చల్లగా ఉంచాల, నిరోధకం కలపాల. ఆ ట్యాంకులో వేడి కొలిచే సాధనం అడుగున మాత్రమే ఉందనీ, పైపొరలు కాగుతున్న సంగతి దానికి అందలేదనీ రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తేల్చింది. యంత్రానికి మనం ఏ కన్ను పెడితే అదే దాని లోకం. అది చూడని చోట ఏం జరిగినా దానికి జరగనట్టే.

ఫ్యాక్టరీల్లో పనిచేసే రోబో చెయ్యి సంగతీ ఇదే. ప్రతి కీలులోనూ ఒక మోటారు ఉంటుంది, ఆ కీలు ఎంత తిరిగిందో చెప్పే ఎన్‌కోడర్ ఉంటుంది. చెయ్యి పోవాల్సిన చోటికీ ఇప్పుడున్న చోటికీ ఎంత తేడా ఉందో కంట్రోలర్ లెక్క చూస్తా, ఆ తేడా సున్నా అయ్యేదాకా మోటారుకు బలం పెంచుతా పోతుంది. మధ్యలో మనిషి ఒళ్లు అడ్డం వచ్చిందనుకోండి. తేడా తగ్గదు. తగ్గలేదు కాబట్టి ఇంకా గట్టిగా తోస్తుంది. చూసేవాళ్లకు పగబట్టినట్టు ఉంటుంది గానీ, దాని లోపల నడిచేది తీసివేత లెక్క.

1979 జనవరి 25న అమెరికాలో మిషిగన్ రాష్ట్రం ఫ్లాట్ రాక్ ఊళ్లోని ఫోర్డ్ ఫౌండ్రీలో ఒక కార్మికుడు సరుకు దించేదానికి అరల మీదికి ఎక్కినాడు. సరుకు తెచ్చే రోబో చెయ్యి తలకు తగిలి ఆయన చనిపోయినాడు. రోబో చేతిలో పోయిన మొదటి ప్రాణంగా దాన్ని చెప్తారు. నాలుగేండ్ల తర్వాత జ్యూరీ ఆ రోబోను తయారుచేసినవాళ్లు కోటి డాలర్లు కట్టాలని తేల్చింది. 1981లో జపానులో కవసాకి కర్మాగారంలో, 2015లో మన దేశంలో హర్యానా మానేసర్‌లో ఇట్లాంటివే జరిగినాయి. ఇప్పుడు మనుషుల పక్కన పనిచేసే కొత్తరకం రోబోలు వచ్చినాయి. మోటారు లాగే కరెంటు ఉన్నట్టుండి పెరిగితే, ఏదో అడ్డమొచ్చిందని గ్రహించి నిలబడిపోతాయి. మనిషి ఒంట్లో ఏ భాగం ఎంత ఒత్తిడి తట్టుకుంటుందో కొలిచి, 2016లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ పట్టికలు కూడా అచ్చేసింది. అంటే దెబ్బ తగలకుండా చెయ్యొచ్చునని తెలిసింది. తెలిసినాక చెయ్యకపోతే, ఆ తప్పు రోబోది కాదు.

ఇప్పుడు అసలు చిక్కు చెప్తా. 2018 మార్చి 18 రాత్రి అమెరికాలోని టెంపీ పట్నంలో ఊబర్ కంపెనీ పరీక్షిస్తున్న డ్రైవరులేని కారు, సైకిలు తోసుకుంటా రోడ్డు దాటుతున్న ఒక మహిళను గుద్ది చంపింది. దర్యాప్తులో తేలింది వినండి. గుద్దేదానికి 5.6 సెకండ్ల ముందే ఆమె కారుకు కనబడింది. కానీ ఆమెను ఒకసారి వాహనం అనుకుంది, ఒకసారి ఏదో తెలియని వస్తువు అనుకుంది, ఒకసారి సైకిలు అనుకుంది. అనుకోవడం మారినప్పుడల్లా, అంతదాకా ఆమె ఎటు నడిచిందో ఆ లెక్క పక్కన పెట్టి మళ్లీ మొదటికి వచ్చింది. జీబ్రా గీతలు లేని చోట మనిషి రోడ్డు దాటుతాడన్న ఆలోచనే ఆ సాఫ్టువేరులో రాయలేదు. మన పులివెందుల రోడ్డు మీద అట్లాంటి కారును వదిలితే ఏమవుతుందో మీరే చెప్పండి! పైగా ఆ వోల్వో కారుకు పుట్టుకతో ఉన్న అత్యవసర బ్రేకును కంపెనీ ఆపేసింది.

శిక్ష ఎవరికి పడింది? 2019లో ప్రాసిక్యూటరు కంపెనీ మీద క్రిమినల్ కేసుకు ఆధారం లేదంది. కారును కనిపెట్టుకునేదానికని స్టీరింగు ముందు కూర్చుని, ఫోను చూస్తున్న ఉద్యోగి మీద కేసు పెట్టినారు. 2023లో ఆమె నేరం ఒప్పుకుంది, మూడేండ్ల ప్రొబేషన్ పడింది. ఫోను చూడడం తప్పే, నేను కాదనను. కానీ బ్రేకు తీసేసినవాళ్లు, గీతలు లేని చోట మనుషులు నడవరని అనుకున్నవాళ్లు ఎవరూ బోనెక్కలేదు.

బోయింగ్ 737 మాక్స్ విమానాల కథ కూడా ఇట్లాంటిదే. ముక్కు పైకి లేస్తే దానంతట అదే కిందికి వంచే ఒక సాఫ్టువేరును అందులో పెట్టినారు. అది రెక్క మీదికి గాలి వచ్చే కోణం చెప్పే ఒకే ఒక్క సెన్సారును నమ్ముకుంది. ఆ సెన్సారు తప్పు చెప్తే, పైలట్లు పైకి లాగే కొద్దీ అది కిందికి వంచుతుంది. అట్లాంటిది ఒకటుందని పైలట్ల పుస్తకంలో మొదట చెప్పనే లేదు. 2018 అక్టోబరులో ఇండోనేషియాలో, 2019 మార్చిలో ఇథియోపియాలో రెండు విమానాలు కూలి 346 మంది పోయినారు. ఇథియోపియా విమానంలో మన తెలుగు ఆడబిడ్డ కూడా ఉంది. మొదట్లో చాలామంది నోట వచ్చిన మాట పైలట్లకు చేతకాలేదనే. తర్వాత 2021లో కంపెనీ 250 కోట్ల డాలర్లు కట్టేదానికి ఒప్పందం చేసుకుంది. క్రిమినల్ విచారణకు నిలబడింది మాత్రం ఒక్క టెక్నికల్ పైలటు. 2022లో జ్యూరీ ఆయన నిర్దోషి అంది.

ఈ కథలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కనబడేది ఒకటే. యంత్రంతో నష్టం జరిగినప్పుడు నేరం నోరు లేనోళ్ల వైపు జారుతుంది. నోరు లేనోళ్లు మూడు రకాలు. యంత్రం, చచ్చిపోయినవాడు, చివరగా బటన్ మీద చెయ్యి ఉన్న చిన్న ఉద్యోగి. యంత్రాన్ని గీసినవాళ్లు, దాన్ని ఇంత తొందరగా వదలాలని తీర్మానం చేసినవాళ్లు, సెన్సారు ఒకటి చాలని లెక్కేసినవాళ్లు దూరంగా ఉంటారు. వాళ్లకు మాట్లాడే వకీళ్లు ఉంటారు.

దీని నుంచి బయటపడాలంటే మూడు ప్రశ్నలను కలగాపులగం చెయ్యకుండా విడివిడిగా అడగాల.

మొదటిది, ఏం జరిగింది? ఈ మాటకు మన ఇడుపులపాయలోనే ఒక బరువుంది. 2009 సెప్టెంబరు 2న బేగంపేటలో బయల్దేరిన బెల్ 430 హెలికాప్టరు నల్లమలలో పావురాలగుట్ట దగ్గర కూలి, ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డితో కలిపి అయిదుగురు పోయినారు. ఆయన సమాధి ఈడనే ఉంది. అప్పుడు దేశం పట్టిపట్టి వెతికింది హెలికాప్టరులో మాటలను నమోదు చేసే రికార్డరు కోసం. గేర్‌బాక్సు నూనె ఒత్తిడి గురించిన హెచ్చరిక వెలిగితే, దాని సంగతి చూస్తా పైలట్లు ఆరు నిమిషాలకు పైగా గడిపినారనీ, బయట వాతావరణం ముదిరిందనీ, బలమైన కిందిగాలిలో చిక్కుకుని అదుపు తప్పిందనీ విచారణ కమిటీ చెప్పగలిగింది ఆ రికార్డు దొరకబట్టే. ప్రమాద విచారణలకు అంతర్జాతీయంగా ఒక నియమం ఉంది. దాని పని ఎవరినో శిక్షించడం కాదు, ఇంకొకటి జరగకుండా చూడడం. శిక్ష భయం లేకుంటేనే నిజం బయటికొస్తుంది. విమానానికి ఉన్న ఆ రికార్డరు రేపటి ప్రతి రోబోకూ ఉండాల.

రెండోది, ఎవరు కట్టాల? దీనికి తప్పు రుజువయ్యేదాకా ఆగాల్సిన పని లేదు. లారీ గుద్ది మనిషి పోతే, డ్రైవరు తప్పు రుజువు చెయ్యకపోయినా మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ కింద అయిదు లక్షలు ఇవ్వాల. 2021 డ్రోన్ నియమాలు ఒక తెలివైన పని చేసినాయి. చిన్నచిన్న నానో డ్రోన్లను వదిలేసి మిగతావాటికి మూడోమనిషి ఇన్సూరెన్సు తప్పనిసరి చేసి, ఆ ఇన్సూరెన్సుకూ పరిహారానికీ మోటారు చట్టాన్నే వర్తింపజేసినాయి. కాబట్టి మన పత్తిరైతు గాలిని నిందించి ఊరుకోనక్కర్లేదు, అడిగేదానికి చట్టంలో ఒక తలుపు ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం అయితే తయారీదారును కూడా లాగింది. డిజైను లోపం ఉన్నా, సరైన హెచ్చరికలు ఇవ్వకపోయినా అతను జవాబు చెప్పాల.

మూడోది, ఎవరిది తప్పు? ఇది పాపం లెక్క, డబ్బు లెక్క కాదు. ఇన్సూరెన్సు కంపెనీ డబ్బు కట్టినంత మాత్రాన ఎవరి మనస్సాక్షీ కడుక్కుపోదు. ఈడ అడగాల్సింది ఎవరికి ముందే తెలుసు, మార్చే అధికారం ఎవరి చేతిలో ఉంది, మార్చకపోవడంవల్ల ఎవరికి లాభం అని. నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఇప్పుడు అయిదేండ్ల దాకా శిక్ష ఉంది. ఆ సెక్షన్ కారు సీట్లో కూర్చున్నవాడి దగ్గరే ఆగిపోకుండా, బ్రేకు తీసెయ్యమని సంతకం పెట్టినవాడిదాకా పోయేటట్టు విచారణ జరగాల.

"తాతా, నేర్చుకునే రోబోలు ఉన్నాయి. అవి రేపు ఏం చేస్తాయో చేసినవాళ్లకే తెలియదు. అప్పుడు?" అంది మనవరాలు. నిజమే. 2017లో యూరోపియన్ పార్లమెంటులో కూడా, తెలివి మీరిన రోబోలకు చట్టంలో మనిషి మాదిరి ఒక హోదా ఇస్తే ఎట్లుంటుందో చూడమన్నారు. మరుసటి ఏడు 150 మందికి పైగా నిపుణులు వద్దని లేఖ రాసినారు. ఎందుకంటే రోబోకు ఇల్లు లేదు జప్తు చేసేదానికి, ఆయుష్షు లేదు జైల్లో పోగొట్టుకునేదానికి, సిగ్గు లేదు తలదించుకునేదానికి. దాన్ని బోనెక్కిస్తే ఫలేజ్ పంది కథే మళ్లీ. ఈసారి నష్టం ఇంకా ఎక్కువ, దాని వెనక దాక్కునేవాళ్లకు మంచి గోడ దొరుకుతుంది. ఇక తెలియదు అనే మాట. రేపు ఏం చేస్తుందో తెలియదు అన్న సంగతి వాళ్లకు తెలుసు గదా! తెలిసీ బజార్లోకి వదలాలన్నది మనిషి తీసుకున్న నిర్ణయం. దానికి తేదీ ఉంటుంది, సంతకం ఉంటుంది. యూరపు కూడా చివరికి హోదా మాట వదిలేసి, 2024లో సాఫ్టువేరును కూడా సరుకుగానే లెక్కగట్టి తయారీదారు బాధ్యతలోకి తెచ్చింది.

అందుకే త్రిపుల్ ఐటీ పిల్లోళ్లకు నాదొక మాట. మీరు చేసే యంత్రానికి చెయ్యీ కాలూ పెట్టేముందు నోరు పెట్టండి. ఏం చూసింది, ఏమనుకుంది, ఎప్పుడు ఆగింది, ఎవరు ఏ సెట్టింగు మార్చినారు అన్నీ రాసుకునే రికార్డు. ఒక్క సెన్సారు చాలని ఎవరైనా అంటే ఆ మాట కాగితం మీద పేరుతో రాయించుకోండి. సగం మంది అక్కడే వెనక్కి తగ్గుతారు.

చేనున్నవాళ్లకు ఇంకొక మాట. డ్రోన్‌ను పిలిపించే ముందు మూడు అడగండి. ఇన్సూరెన్సు కాగితం, నడిపేవాడి సర్టిఫికెట్టు, ఏ పూట ఎంత గాలిలో ఏ దారిన కొట్టినారో చూపించే రికార్డు. మీరు జొన్నరైతయినా సరే, గట్టు అవతలి పత్తిరైతయినా సరే, అడిగే హక్కు ఉంది. ఈ మూడూ చూపించలేనివాడి డ్రోన్‌ను గాల్లోకి లేవనియ్యొద్దు.